చేదుంటే ఊసెయ్యండి

నమోదు 31

దినచర్య రాయమని బడివాళ్ళిచ్చిన ఈ తెర పలక అడిగే మొదటి ప్రశ్న: ఈ రోజు ఏం చేశావు? రోజూ ఇదే ప్రశ్న, రోజూ ఇదే జవాబు. మట్టి కొలిచాను, ఆకు కోశాను, చేతులు కడుక్కున్నాను. విషం మట్టిని బాగుచేయడం నేర్పే ఈ మట్టి బడిలో చేరినదానికి ఇంతకన్నా ఏముంటుంది? "ఒక్క ముక్కలో రాస్తే మార్కులు పోతాయి సలోమీ, వివరంగా రాయి" అని వకుళ మేడం నిన్న చెవి మెలేసినంత పని చేసింది. కాబట్టి ఇవాళ్టి నుంచి వివరంగానే రాస్తాను. చదివేవాళ్ళ ఖర్మ.

పొద్దున్నే, ఎండ ముదిరిందని చెప్పే గంట మోగకముందే, మూడో కోత మొదలుపెట్టాం. గోంగూర నడుమెత్తు పెరిగింది. ఎర్ర కాడ, నిగనిగలాడే ఆకు. చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. కానీ ఇది కూరకి కాదు. నది అవతలి మెట్ట మీద ప్రయోగశాలలో తయారైన విత్తనం. దీని వేరు మట్టిలోని సీసాన్ని పీల్చి ఆకులోకి తెస్తుంది. మేం ఆకు కోసి, మూటలు కట్టి కొలిమికి పంపిస్తాం. అక్కడ కాల్చి, బూడిదలోంచి సీసం తీసి డబ్బాల్లో బంధిస్తారు. ఎవరూ పొరపాటున తినకుండా ప్రయోగశాల వాళ్ళు ఈ ఆకుకి వేపాకును మించిన చేదు పెట్టారు. మాకు ముట్టుకోవడానికి తొడుగులు, నోటికి గుడ్డ. కొరికి చూశామంటే బడిలోంచి పేరు కొట్టేస్తారు.

ఈ సీసం ఎక్కడిదంటే, మాదే. వరదకి ముందు బ్యాటరీపేటలో మావాళ్ళంతా పాత బ్యాటరీలు పగలగొట్టి బతికారు. మా నాన్న కూడా అదే పని చేసి చేసి, చేతులు వణికిపోయి, చివరికి అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకోలేని స్థితిలో చనిపోయాడు. వరద వచ్చి ఇళ్ళు కూల్చి, ఆ విషాన్ని ఎవరికీ తక్కువ కాకుండా పేటంతా పంచిపెట్టి వెళ్ళింది. అప్పటినుంచీ మేం కరకట్ట మీద రేకుల షెడ్లలో ఉంటున్నాం. ఈ గోంగూర పెరిగేది ఆ కూలిన ఇళ్ళ నేలలోనే. వానలకు ముందు అధికారులు వచ్చి మట్టి కొలుస్తారు. బాగుపడిందని తేలితే పేట మాకు తిరిగి ఇస్తారు. లేదంటే సోలార్ ప్యానెళ్ళకి రాసిచ్చేస్తారు. మా బ్యాచ్ పట్టాలూ ఉద్యోగాలూ కూడా ఆ కొలత మీదే ఉన్నాయి.

జావ క్యాను పట్టుకుని వదిన వచ్చింది. రూతమ్మ వదినకి ఆరో నెల. అన్న నదిలో పూడిక తీసే పడవ మీద పనిచేస్తాడు, ఎప్పుడో ఒకసారి వస్తాడు. ఆ దిగులు పైకి కనపడనివ్వకుండా వదిన అందరితో నవ్వుతూ తిరుగుతుంది. మేం చేతులు కడిగి, మళ్ళీ కడిగి, నోరు పుక్కిలించి, షెడ్డులోకి వెళ్ళి జావ తాగేసరికి చాలాసేపవుతుంది. ఆ సేపంతా వదిన సాళ్ళ మధ్య తిరుగుతూ ఉంటుంది. నర్సు నడవమందట.

"కూర్చో వదినా, కాళ్ళు వాచినయ్" అన్నాను.

"మన ఇల్లు యాడుండేదో ఎతుక్కుంటన్నాలే. నా బిడ్డ ఇక్కడే పుట్టాల. నువ్వు జావ తాగు."

ఈ రోజు నేర్చుకున్నది: నాచుపిండి జావ చల్లారితే జిగురు. తాగకుండా అతికించుకోవడం మేలు.

నమోదు 34

ఇవాళ కోత లేదు, ప్రచారం. కోసిన ఆకు మూటల్లోంచి జారి కరకట్ట బజారుకి చేరుతుందేమోనని మెట్ట మీది పెద్దలకి అనుమానం. కాబట్టి ఇంటింటికీ వెళ్ళి చెప్పాలి. "నీ నోరు ఇన్నాళ్ళకి ఒక పనికొస్తోంది" అని మేడం నన్ను ముందు నిలబెట్టింది.

ఏం చెప్పాలో బడివాళ్ళు రాసిచ్చారు. భారలోహాలు, జీవ సంచయనం, ఇంకా ఏవేవో. మొదటి షెడ్డులో అది చదువుతుంటే అక్కడి ముసలమ్మ చెవిలో పుల్ల పెట్టుకుని కూర్చుంది. కాగితం మడిచి నడుముకి దోపేశాను. గోంగూర కొనేటప్పుడు ఆకు కొన కొరికి పులుపు చూడని ఆడమనిషి మా వైపు లేదు. ఆ అలవాటునే పట్టుకున్నాను.

"పిన్నీ, ఆకు కొనేటప్పుడు ఏం చేస్తావు?"

"కొరికి చూస్తా."

"ఎప్పట్లాగే కొరికి చూడు. చేదుంటే ఊసెయ్యి! అది పేటలో విషం ఆకు."

అంతే. సాయంత్రానికి కరకట్ట మీద పిల్లలంతా నా వెనకాల ఊరేగింపు. నేను "చేదుంటే" అంటే వాళ్ళు "ఊసెయ్యండి" అని అరిచి నిజంగానే ఊసేవాళ్ళు. ఒకడు మేడం చెప్పు మీదే ఊశాడు. మా అమ్మ దీనమ్మ షెడ్డు గుమ్మంలో తల పట్టుకుంది. "పెళ్ళి కావాల్సిన పిల్ల, ఈదంతా ఊయిస్తంది" అని. వదిన మాత్రం పొట్ట పట్టుకుని పడీ పడీ నవ్వింది.

మేడం నా భుజం తట్టి, ఈ మాటనే గోడల మీద రాయిస్తానంది. నాకు చాలా గర్వంగా ఉంది. రాయకూడదేమో గానీ రాస్తున్నాను.

నమోదు 38

కోత బరువు తగ్గుతోంది. బాగా కాదు, కొద్దిగా. చిగుళ్ళు పోతున్నాయి. అన్ని మొక్కలకీ కాదు, ఇక్కడొకటి, అక్కడొకటి. ఒక మొక్క నిండుగా ఉంటుంది, పక్కదాని కొనలన్నీ మొండిగా ఉంటాయి. మేకలా అంటే వరద తర్వాత కరకట్ట మీద మేకే లేదు. పురుగు అయితే ఇంత ఏరుకుని తింటుందా?

మేడం ముఖం వాడిపోయింది. ఇప్పుడు చిగుళ్ళు పోతే నాలుగో కోత పలచబడుతుంది. నాలుగో కోత సరిగా రాకపోతే మట్టిలో సీసం కొలత గీత కిందికి దిగదు. "ఇంకొక్క కోత, సలోమీ. ఒక్కటి నిండుగా వస్తే చాలు" అంది. ఆమె కూడా మెట్ట మీద ఎవరికో జవాబు చెప్పుకోవాలి.

మస్తాన్‌వలి ఆ మొండి మొక్కల ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. బడిలో మా కోత జట్టు, గట్టు ముఠాకి నాయకుడు వాడే. చిన్నప్పుడు పేటలో మా పక్కిల్లు. ఏం చూస్తున్నావురా అంటే "ఏం లేదులే" అని లేచిపోయాడు. ఏమీ లేనప్పుడు మస్తాన్‌వలి ఇంత తక్కువ మాట్లాడడు.

నమోదు 39

పురుగు కనపడలేదు. మస్తాన్‌వలి ఇవాళంతా నోరు విప్పలేదు. పాట కూడా పాడలేదు, ఆ మేరకి లాభమే.

నమోదు 43

నెలాఖరుకి దీన్ని మేడం చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

పొద్దున ఒక మొండి మొక్క కొనని దగ్గరగా చూశాను. పురుగు కొరికితే అంచు గరుకుగా ఉంటుంది. ఇది తెగిన చోట నున్నగా ఉంది. గోరుతో గిల్లిన తెంపు. పుట్టినప్పటినుంచీ అమ్మ ఆకు గిల్లడం చూస్తున్నదాన్ని, నాకు తెలియదా?

మనిషి పనే. కానీ వేపని మించిన చేదుని ఎవరు గిల్లుకుపోతారు? ఎందుకు?

అప్పుడు నేను తొడుగు విప్పాను. నోటి గుడ్డ కిందకి లాగాను. ఆకు కొన కొరికాను.

పులుపు. నాలుక చివర జివ్వుమంది. మంచి గోంగూర పులుపు, వరదకి ముందు మా ఇంట్లో అమ్మ రోట్లో నూరినప్పటి పులుపు. ఊయాలన్న సంగతి ఒక్క క్షణం గుర్తు రాలేదు. అదే నాకు అన్నిటికన్నా భయం వేసింది.

ఊసేశాను. పుక్కిలించాను. పక్క మొక్క ఆకు కొరికితే చేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాని పక్కది చేదు. నాలుగు బారల అవతల ఇంకో మొండి మొక్క పులుపు. చూడ్డానికి అన్నీ ఒకే తల్లి పిల్లలు. ఇనప ముల్లులాంటి మా కొలత పరికరం ఆకుకి గుచ్చితే పుల్లదానికీ చేదుదానికీ ఎర్ర దీపమే వెలిగింది. విషం రెంటిలోనూ ఉంది. చేదు మాత్రం ఒకదాంట్లోనే ఉంది.

నమోదు 44

మస్తాన్‌వలిని నీళ్ళ ట్యాంకు వెనక్కి లాక్కెళ్ళి నిలదీశాను. ముందు బుకాయించాడు. పుల్లగా ఉందని నేను చెప్పగానే అక్కడే కూలబడ్డాడు.

"నువ్వు కొరికావా? పిచ్చిదానా, ఎందుకు కొరికావే?"

"ముందు నువ్వు చెప్పు."

విత్తే రోజుల్లో నేను వడదెబ్బ తగిలి షెడ్డులో పడుకుని ఉన్నాను. అప్పుడు జరిగిందట. మెట్ట నుంచి వచ్చిన విత్తనం కొంత మొలకెత్తలేదు. సాళ్ళలో బోడి జాగాలు మిగిలాయి. ఇంకో సంచి కావాలని అడిగితే నది ఉధృతంగా ఉంది, పడవ రాదు అన్నారు. బోడి జాగా కనపడితే ముఠాకి మార్కులు కోస్తారు. అదీగాక, సొంత నేలలో సాలు ఖాళీగా ఉంటే వీళ్ళు చూస్తూ ఉండలేకపోయారు.

"మీ అమ్మనడిగా. వరదలో నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చిన ఇత్తనాల మూట ఉందిగా, దాంట్లోంచి దోసెడు ఇచ్చింది. మన ఇత్తనం మన నేలలో పడితే మంచిదేగా అయ్యా, అంది. అందరం తలా కాసిని పోసి సందులు నింపాం. గోంగూరకి గోంగూరేగా సలోమీ. అదీ సీసం పీల్చుద్దిగా. ఎవరు తింటారనుకున్నాం? పేట ఆకు చేదని అందరికీ తెలుసుగా, మొన్న ఊరంతా నువ్వూ చెప్తివి."

కొట్టాలనిపించింది. చెయ్యెత్తాను కూడా. వాడు తల దించుకుని అలాగే కూర్చున్నాడు, కొట్టినా ఏమీ అనేట్టు లేడు. చెయ్యి దించేశాను. బోడి జాగాలు చూసి ఉంటే బహుశా నేనూ అమ్మనే అడిగేదాన్ని.

"మేడానికి చెప్తే మొత్తం పీకించుద్ది. నాలుగో కోత ఉండదు. పేట పోద్ది" అన్నాడు.

"తినేవాళ్ళో?"

"ఎవరు తింటన్నారో ముందు అది కనుక్కో."

నమోదు 45

కనుక్కున్నాను.

పొద్దుటినుంచీ షెడ్డు షెడ్డూ తిరిగాను. ఎవర్నడిగినా మేం ముట్టలేదమ్మా అన్నారు. ఒకావిడైతే ఒట్టు కూడా వేసింది. మధ్యాహ్నం అలిసిపోయి ఇంటికొస్తే అమ్మ నా మీద విసుక్కుంది.

"ఇన్నాళ్ళకి రూతు నాలుగు మెతుకులు ఒంటబట్టించుకుంటంది. నాచు ముద్ద నోట్లో పెడితే కక్కేసేది. ఇప్పుడు కక్కకుండా తింటంది. నువ్వు మాత్రం ముద్ద ముట్టకుండా ఊరి మీద తిరుగు."

మంచినీళ్ళ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. కడుపుతో ఉన్నవాళ్ళకి పులుపు మీద మనసు పోతుందని నాకు తెలియదా? కరకట్ట మీద చింతపండు కంటపడి ఎన్నేళ్ళయింది? రోజూ పొద్దున జావ క్యాను పట్టుకుని మా పొలంలో తిరిగేది ఎవరు?

వదిన షెడ్డు వెనకాల బట్టలు ఆరేస్తోంది. చెయ్యి పట్టుకుని చూశాను. బొటనవేలి గోరు కింద పచ్చటి పసరు.

"వదినా, పేటలో ఆకు తింటున్నావా?"

ఆమె ముఖంలో తప్పు చేసిన భావం లేదు. చిన్న సిగ్గు మాత్రం ఉంది, అత్తగారికి తెలియకుండా తిన్న చిరుతిండి బయటపడితే ఉండే సిగ్గు.

"అరవమాక, అత్త ఇనుద్ది. కాసిని ఆకులేలే. జావలోకి నంజుకుంటే దిగుద్ది."

"అది విషం వదినా!"

"ఇషం కాదే. నేను కొరికి చూశాకే తింటన్నా. చేదుగా ఉన్నది ఊసేస్తన్నా, పుల్లటి చెట్లదే గిల్లుకుంటన్నా. నువ్వే చెప్తివిగా, చేదుంటే ఊసెయ్యమని."

గోడల మీద రాయించిన నా మాట. పిల్లలతో అరిపించిన నా మాట. చేదుగా ఉన్నది విషమని చెప్పాను. చేదు లేనిది మంచిదని చెప్పలేదు. కానీ వినేవాళ్ళు ఇంకేం అనుకుంటారు? వదిన నా మాట పొల్లు పోకుండా విన్నది. కరకట్ట మీద నా మాటని అంత శ్రద్ధగా విన్న మనిషి ఆమె ఒక్కతే.

నేను ఏడ్చాను. నేనెందుకు ఏడుస్తున్నానో అర్థం కాక వదిన తన కొంగుతో నా కళ్ళు తుడిచింది. అర్థమయ్యాక ఆ కొంగుని అలాగే తన పొట్ట మీద అదిమి పట్టుకుని నిలబడిపోయింది.

నమోదు 46

వైద్యం పడవ ఇవాళే రావడం మా అదృష్టం. డాక్టరమ్మ రక్తం తీసింది, మెట్టకి పంపాలి, ఫలితం రావడానికి సమయం పడుతుంది. తల్లి రక్తంలో సీసం బిడ్డకి కూడా పోతుందని మెల్లగా, మమ్మల్ని బెదరగొట్టకుండా చెప్పింది. ఆ తర్వాత అడిగింది.

"ఎంత తిన్నావమ్మా? నిజం చెప్పు."

అమ్మ పక్కనే ఉంది. వదిన అమ్మ వైపు చూసి, తల దించుకుంది. "ఎప్పుడన్నా రెండాకులండీ. నోరు బాగోలేనప్పుడు."

"రెండాకులేనా?"

"అంతేనండీ."

డాక్టరమ్మ ఊపిరి పీల్చుకుంది. ఒకటీ అరా అయితే పెద్ద భయం లేదంది. మాత్రలిచ్చి, పాలపొడి రాసింది. ఎక్కువ తిని ఉంటే మాత్రం ఫలితం కోసం ఆగకుండా ఇప్పుడే మెట్ట ఆసుపత్రిలో చేర్చేదాన్నని కూడా అంది. పడవ రెండు రోజులు రేవులోనే ఉంటుంది, ఏమన్నా ఉంటే రమ్మంది.

దారిలో అమ్మ తన నోరు తనే కొట్టుకుంది. "ఆ మూట వరదలో పోయినా బాగుండేది" అని. వదిన అత్తని ఓదారుస్తూ నడిచింది. రెండాకులేగా అత్తా, అంటూ. నేను కూడా ఆ మాటని పట్టుకునే నడిచాను. రెండాకులు. రెండాకులైతే భయం లేదు.

కానీ పొలంలో అన్నేసి మొక్కలు మొండిగా ఎందుకున్నాయో ఎవరూ అనుకోలేదు. అందరం అనుకోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాం.

నమోదు 47

మేడానికి చెప్పేశాను. మస్తాన్‌వలి కూడా వచ్చాడు. నేను రమ్మనలేదు, వాడే వచ్చి, సందులు నింపింది నేనే అన్నాడు. వెనకాలే ముఠా అంతా వచ్చి మేం కూడా అన్నారు.

మేడం తిట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. తర్వాత నిబంధన చదివింది. విషం నేలలో తినదగిన మొక్క ఒక్కటి ఉన్నా మొత్తం పంట పీకాలి.

"పుల్లవి మాత్రం పీకేస్తే?" అన్నాను.

"ఏది పుల్లదో ఎలా తెలుస్తుంది? ఆకులు ప్రయోగశాలకి పంపితే జవాబు వచ్చేసరికి వానలొస్తాయి. అధికారులు అప్పటిదాకా ఆగరు."

"కొరికి చూస్తాం మేడం" అన్నాడు మస్తాన్‌వలి. "తలా రెండు సాళ్ళు. కొరికి ఊసేస్తాం. మా పేట, మా నోళ్ళు."

మేడం లేచి నిలబడింది. ఆమె అరవడం నేను ఎప్పుడూ వినలేదు. "మీ నాన్నలు సీసం తిని పోయారు. అది చాలదా? మీ నోళ్ళతో నేలని కొలిపించడానికా నేను ఈ బడి పెట్టింది? రేపు పొద్దున మొత్తం పీకేస్తున్నాం. పేట పోతే పోయింది."

ఆమె వెళ్ళాక మేం షెడ్డులోనే ఉండిపోయాం. ఎవరూ ఏమీ తేల్చలేదు. కానీ రేపు మేడం రాకముందే వస్తామని అందరికీ తెలుసు.

ఇంటికొచ్చి, రేపు సాళ్ళన్నీ కొరికి చూస్తామని అమ్మకి చెప్పాను. వదిన పొయ్యి దగ్గర కూర్చుని అంతా వింది.

నమోదు 48

పడవలో రాస్తున్నాను. పలక చేతిలో ఉండిపోయింది కాబట్టి రాస్తున్నాను. ఊరికే కూర్చోవడం నా వల్ల కావడం లేదు.

తెల్లారుతుండగా పేటకి చేరాం. సాళ్ళు పంచుకున్నాం. పుల్లది దొరికితే గుర్తుకి కట్టడానికి ఎర్ర గుడ్డ పీలికలు చీల్చి తలా ఒక కట్ట నడుముకి కట్టుకున్నాం. పుక్కిలించడానికి బిందెలతో నీళ్ళు పెట్టుకున్నాం. నేను నోటి గుడ్డ దించి మొదటి ఆకు తుంచాను.

"ఆగండి. ఎవరూ నోట్లో పెట్టుకోమాకండి."

వదిన. గట్టు మీద నిలబడి ఆయాసపడుతోంది. కరకట్ట నుంచి ఒక్కతే నడిచి వచ్చింది.

"నాకు తెలుసు. నేను చూపిస్తా. సలోమీ, నువ్వు గుడ్డ కట్టు."

ఆమె సాలులోకి దిగింది. నాలుగు మొక్కలు దాటి ఒకదాన్ని వేలితో చూపించింది. "ఇది." కట్టాను. ఇంకొంచెం నడిచి, "ఇది. ఇది కాదు, దాని పక్కది." కట్టాను. మస్తాన్‌వలి వెనకాల నడుస్తూ, గుడ్డ కట్టిన మొక్కల్ని పీకబోతే వదిన ఆపింది. అన్నీ అయ్యాక పీకుదువులే, మధ్యలో పీకితే నాకు ఆనవాలు పోద్ది అంది. ఇంట్లో డబ్బాలు ఎక్కడున్నాయో తెలిసిన మనిషిలా ఆమె తడుముకోకుండా నడిచింది. ఈ మూల లేతగా ఉండేది, ఆ గట్టు పక్కది బాగా పులుపు, దీని చిగురు మళ్ళీ వచ్చిందే, అంటూ.

మొదటి సాలులో నాకు సంతోషంగానే ఉంది. పేట దక్కుతుందని. రెండో సాలు మధ్యలో నా నడుముకున్న పీలికలు అయిపోయాయి. మస్తాన్‌వలి తన కట్ట ఇచ్చాడు. అదీ అయిపోయింది. వాడు తన ఎర్ర తలగుడ్డ విప్పి చింపడం మొదలుపెట్టాడు. చింపుతూ చింపుతూ నా వైపు చూశాడు. వాడి కళ్ళలోనూ నా భయమే ఉంది.

"వదినా, చాలు. ఇక చాలు, రా."

"ఇంకా ఉన్నయ్యే."

"రెండాకులన్నావు కదా వదినా!"

ఆమె ఆగింది. నా వైపు చూడలేదు. "అత్త ముందు ఎట్టా చెప్పను? ఆకలి సలోమీ. ఈ బిడ్డ కడుపులో పడ్డకాణ్ణించి ఒకటే ఆకలి. ఆ ముద్ద దిగదు. ఇది దిగింది." పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "ఎట్టాగూ తిన్నదాన్ని నేను తిన్నా. మీరు కూడా తినటం ఎందుకు? ఈ సాలు కానీ."

మేడం గట్టు మీదకి ఎప్పుడు వచ్చిందో చూడలేదు. ఎవరి నోట్లోనూ ఆకు లేదు, ఎర్ర గుడ్డలు మాత్రం ఉన్నాయి. ఆమెకి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. రేవుకి కబురు పంపించింది, పడవని ఇటే రమ్మని. పడవ వచ్చేదాకా వదిన ఆగలేదు. మమ్మల్ని ఆగనివ్వలేదు. చివరి సాలు చివరి మొక్క చూపించి, అప్పుడు గట్టు మీద కూర్చుని, కాళ్ళు లాగుతున్నాయంది.

పుల్లవి పీకేస్తామని, చేదువి ఉంచి నాలుగో కోత తీస్తామని మేడం పడవ దగ్గర నాతో చెప్పింది. మెట్టకి తనే జవాబు చెప్పుకుంటుందట. పేట దక్కవచ్చంది. నేను తలూపాను. నిన్నటిదాకా నేను కోరుకున్నదల్లా ఆ మాట వినడమే.

పడవ కదిలాక డాక్టరమ్మ వదిన చెయ్యి పట్టుకుని నాడి చూసింది. అరవలేదు, అబద్ధమెందుకు చెప్పావని అడగలేదు. చీటీ తీసి, "ఆసుపత్రిలో రాసివ్వాలమ్మా, ఈసారి సరిగా చెప్పు. ఎంత తిన్నావు?" అంది.

వదిన వెనక్కి తిరిగి, పేట వైపు చెయ్యి చాపింది. ఒడ్డు నుంచి కరకట్ట దాకా, ఆ చివర నుంచి ఈ చివర దాకా, పచ్చటి సాళ్ళ నిండా ఎర్ర పీలికలు గాలికి ఎగురుతున్నాయి.

డాక్టరమ్మ అటు చూసింది. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, పడవ తొందరగా పోనివ్వమంది.